ఎదుట మనిషి ఉన్న ఆట

(చెన్నైలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు ఒక ఆదివారం సాయంత్రం వేళచేరిలో కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండి.

కంప్యూటర్‌లో ఊరు కట్టి, సైన్యం పెంచి, ఎదుటివాళ్ల ఊరిని ఓడించే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో ఆట ఎప్పుడో ఒకప్పుడు ఆడినవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి. పర్లేదు, పెద్దవాళ్లు కూడా ఎత్తొచ్చు. బాగానే ఉన్నారు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషితో ఆన్‌లైన్‌లో ఆడినవాళ్లు మాత్రం చేతులు అలాగే ఉంచండి, మిగతావాళ్లు దించేయండి. నలుగురు... అయిదుగురు. దించేసినవాళ్ల కోసమే నేను ఇవాళ వచ్చాను. ఎందుకంటే దాదాపు పదిహేడేళ్లు నేనూ దించేసినవాళ్లలోనే ఉన్నాను.

ఆ ఆట 1999లో వచ్చింది. నేను ఇంజినీరింగ్‌లో చేరాక హాస్టల్ ఎదురుగా ఉన్న బ్రౌజింగ్ సెంటర్‌లో మొదటిసారి చూశాను. ఆరు సిస్టమ్‌లు, ఆరుగురు అబ్బాయిలు, ఒకటే కేకలు. నాకు అక్కడ కూర్చునే ధైర్యం లేక సీడీ తెచ్చుకుని గదిలో ఆడుకున్నాను. తర్వాత ఉద్యోగం, ఓఎమ్మార్ రోడ్డు ట్రాఫిక్, పెళ్లి, పాప. ఎప్పుడు కాస్త తీరిక దొరికినా కంప్యూటర్‌తోనే ఆట. చుట్టూ రాతిగోడ కట్టుకోవడం, లోపల నాలుగు కోటలు లేపడం, 200 మంది జనాభా నిండాక ఒక్కసారిగా గేటు తీసి ఊడ్చేయడం. ప్రతిసారీ గెలుపే. నాకు ఈ ఆట బాగా వచ్చనే నమ్మకం కుదిరిపోయింది.

2020లో లాక్‌డౌన్. పాప నిద్రపోయాక ఒక రాత్రి ఆ ఆట కొత్త రూపం డెఫినిటివ్ ఎడిషన్ తెరిచి, చేతులు చల్లబడుతుంటే, ఆన్‌లైన్‌లో ఇంకో మనిషితో పాయింట్లకి ఆడే ర్యాంక్డ్ మ్యాచ్ బటన్ నొక్కాను. పన్నెండో నిమిషానికి మూడు గుర్రాలు నా ఊళ్లోకి వచ్చాయి. నేనింకా డార్క్ ఏజ్‌లోనే, అంటే ఆటలో మొదటి మెట్టు మీదే ఉన్నాను. కట్టెలు కొడుతున్న నా మనుషుల్ని ఆ మూడు గుర్రాలూ వెంటపడి నరుకుతుంటే, నా దగ్గర ఒక్క బల్లెం కూడా లేదు. పంతొమ్మిదో నిమిషంలో ఆట అయిపోయింది. అవతలి మనిషి ‘జీజీ’, అంటే ‘గుడ్ గేమ్’, అని పెట్టి వెళ్లిపోయాడు. నేను లాప్‌టాప్ మూసి చాలాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

ఆ రాత్రి ఏం జరిగిందో నాకు అర్థం కావడానికి నెల పట్టింది. మీకు ఆ నెల ఆదా చేయాలని నా కోరిక.

కంప్యూటర్ నాకు నేర్పింది కాచుకోవడం. నేను గోడ కట్టేదాకా అది ఆగింది. మనిషి ఆగడు. మన పల్లెల్లో, పాత గుళ్ల అరుగుల మీద చెక్కి ఉండే పులిజూదం చూశారు కదా. మా అమ్మమ్మ మేకలు పట్టుకుని ఆడేది. నేను పులులు. ఒక మేక చంపగానే నేను ఎగిరి గంతేసేదాన్ని, ఆవిడ పలికేది కాదు. పది ఎత్తుల తర్వాత చూస్తే నా పులికి కదిలే దారి ఉండేది కాదు. ఎదుటి మనిషి మనసులో ఏముందో పట్టుకోవడం ఒంటరిగా కూర్చుని నేర్చుకోలేం. అది ఎదుటి మనిషి దగ్గరే దొరుకుతుంది.

సరే, అసలు విషయం. ఆట మొదలయ్యేటప్పుడు మీ చేతిలో ఏముంటుంది? మనుషులు తయారయ్యే భవనం ఒక టౌన్ సెంటర్, పనిచేసే ముగ్గురు విలేజర్లు, చుట్టుపక్కల చూసొచ్చే ఒక స్కౌట్ గుర్రం. 200 ఆహారం, 200 కట్టెలు, 100 బంగారం, 200 రాయి. ఒక విలేజర్ ఖరీదు 50 ఆహారం, తయారవడానికి 25 సెకన్లు. ఈ 25 సెకన్లే ఆటంతా. మిగతావి మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి.

టౌన్ సెంటర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకపోతే పది నిమిషాల్లో, అంటే 600 సెకన్లలో, 24 మంది కొత్తవాళ్లు వస్తారు. నేను ఓడిన ఆ మొదటి మ్యాచ్ రికార్డింగ్‌ని తర్వాత కూర్చుని చూశాను. ఈ ఆట ప్రతి మ్యాచ్‌నీ రికార్డు చేసి పెడుతుంది, మన వైపు నుంచీ అవతలివాళ్ల వైపు నుంచీ కూడా చూసుకోవచ్చు. కాగితం, పెన్ను పట్టుకుని నా టౌన్ సెంటర్ ఖాళీగా ఉన్న సమయం రాసుకున్నాను. ఇక్కడ 20 సెకన్లు, అక్కడ 35. ఇల్లు కట్టడం మర్చిపోయి జనాభా ఆగిపోయిన చోట ఏకంగా 50. అన్నీ కలిపితే మొదటి పది నిమిషాల్లో 192 సెకన్లు. 25తో భాగించండి. ఏడుగురు మనుషులు. అవతలివాడు నాకంటే గొప్పగా యుద్ధం చేశాడని అనుకున్నాను కదా, అసలు యుద్ధం మొదలయ్యేసరికే వాడి దగ్గర ఏడుగురు ఎక్కువ ఉన్నారు. ఒక్కొక్కరు నిమిషానికి సుమారు 20 సరుకు చొప్పున తెచ్చినా, ఏడుగురంటే నిమిషానికి 140. మూడు గుర్రాలు ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడు తెలిసింది.

ఇల్లు సంగతి చెప్పాలి. టౌన్ సెంటర్‌లో అయిదుగురికి చోటు. మొదటే నలుగురు ఉన్నారు, ముగ్గురు విలేజర్లు, స్కౌట్‌తో కలిపి. అంటే ఇంకొక్కరు రాగానే నిండిపోతుంది. అందుకే ఆట మొదలవగానే టౌన్ సెంటర్‌లో విలేజర్లని వరసలో పెట్టేసి, వెంటనే ఇళ్లు మొదలుపెట్టాలి. ఒక ఇంటికి 25 కట్టెలు, అయిదుగురికి చోటు. ‘అబ్బ, ఇంత చిన్న విషయమా’ అనిపిస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఓడేది ఈ చిన్న విషయం దగ్గరే. హెచ్ నొక్కితే టౌన్ సెంటర్ దగ్గరికి వెళ్తుంది, క్యూ నొక్కితే ఒక విలేజర్ వరసలో చేరుతుంది. హెచ్, క్యూ. హెచ్, క్యూ. మీరు ఏ పనిలో ఉన్నా వేళ్లు ఆ రెండు చోట్లకీ వాటంతటవే పోవాలి. మృదంగం నేర్చుకునే పిల్లలు అన్నం తింటూ కూడా కంచం అంచు మీద తాళం వేస్తూ ఉంటారే, అలాగ.

ఇంకొకటి దగ్గరగా చూపిస్తాను. అడవిపంది. కొత్తవాళ్లందరికీ ఇదంటే భయం. మీ ఊరికి కాస్త దూరంలో రెండు పందులు ఉంటాయి. ఒక్కోదాంట్లో 340 ఆహారం. గొర్రెలో 100 మాత్రమే. కాబట్టి వదులుకోలేం. కానీ విలేజర్ ప్రాణం 25. పంది ఒక్క పోటుకి 7 పోతుంది. నాలుగు పోట్లు, మనిషి అయిపోయాడు.

ఎలా తేవాలి? గొర్రె కోస్తున్నవాళ్లలో ఒకణ్ణి పంపండి. వాడు ఒక బాణం వేయగానే పంది తల తిప్పుతుంది. ఇంకొక బాణం. అది పరుగు మొదలెట్టిందా, వెంటనే వాణ్ణి వెనక్కి పిలవండి, టౌన్ సెంటర్ వైపు. ఇక్కడే మన చేయి వణుకుతుంది, ఇంకో బాణం వేస్తే బాగుండు అనిపిస్తుంది. వేయొద్దు. నడవనివ్వండి. టౌన్ సెంటర్ దగ్గరికి రాగానే వాణ్ణి లోపలికి పంపేయండి. పంది అక్కడ ఆగి దిక్కులు చూస్తుంది. అప్పటికి గొర్రెల దగ్గరున్న అయిదారుగురినీ ఒకేసారి దాని మీదికి పంపండి. లూమ్ అనే పరిశోధన ముందే చేయించుకుంటే, 50 బంగారం, విలేజర్ ప్రాణం 25 నుంచి 40కి పెరుగుతుంది. కొత్తలో చేయించుకోండి, తప్పేం లేదు. నాకు మొదటి ఇరవై మ్యాచ్‌లలో పంది చేతిలో పోయినవాళ్ల లెక్క లేదు. ఇరవై ఒకటో మ్యాచ్‌లో రెండు పందులూ సరిగ్గా గుమ్మం ముందు పడ్డాయి. ఆ మ్యాచ్ ఓడిపోయాను. అయినా ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఇక మన చెన్నైవాళ్లు అందరూ అడిగే ప్రశ్న: ‘అక్కా, నెట్ సరిపోతుందా?’

ఈ ఆట నెట్ మీద ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ భయం సగం పోతుంది. వందలమంది సైనికులు కదులుతుంటే, వాళ్లందరి వివరాలూ నెట్ మీద పంపుతున్నారని మనం అనుకుంటాం. 1990ల చివర్లో ఫోన్ లైన్ మీద నెమ్మదిగా నడిచే 28.8 మోడెమ్‌ల మీద అది జరిగే పని కాదు. అందుకని దాన్ని తయారుచేసిన ఇంజినీర్లు ఒక దారి కనిపెట్టారు. ప్రతి ఆటగాడి కంప్యూటర్‌లోనూ ఆట మొత్తం పూర్తిగా నడుస్తుంది. నెట్ మీద వెళ్లేది ఆజ్ఞ మాత్రమే. ‘ఈ పది గుర్రాలూ అక్కడికి’ అన్న ఒక్క ముక్క. అందరి కంప్యూటర్లూ ఆ ముక్కని ఒకే గడియలో అమలు చేస్తాయి. పూర్వం ఉత్తరాల మీద చదరంగం ఆడేవాళ్లు, మీరు విన్నారో లేదో. ఇద్దరి ఇళ్లలోనూ రెండు బల్లలు. కార్డు మీద ఒక్క ఎత్తు రాసి పోస్టు చేస్తారు. బల్లని ఎవరూ పోస్టు చేయరు కదా.

దీనివల్ల రెండు సంగతులు వస్తాయి. మొదటిది, ఈ ఆటకి డేటా చాలా తక్కువ చాలు. ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా ఆడొచ్చు. రెండోది, అందరూ ఒకే తాళంలో నడవాలి కాబట్టి, ఒక్కరి కంప్యూటర్ నెమ్మదించినా అందరికీ ఆట నెమ్మదిస్తుంది. డిసెంబరు కచేరీలకి వెళ్లేవాళ్లకి చెప్పక్కర్లేదు, ఒకరు లయ తప్పితే వేదిక మీదున్న వాళ్లందరికీ కష్టం. ర్యాంక్డ్ మ్యాచ్‌కి ముందు ఈ ఆట మీ కంప్యూటర్‌కి వేగ పరీక్ష పెట్టేది అందుకే. పాత లాప్‌టాప్ అయితే గ్రాఫిక్స్ తగ్గించుకోండి, అందం కోసం నలుగురి ఆటా పాడుచేయొద్దు.

ఆలస్యం గురించి ఆ ఇంజినీర్లు గమనించిన విషయం ఒకటి నాకు చాలా ఇష్టం. ఆజ్ఞ ఇచ్చాక సెకనులో పావు వంతు, అంటే 250 మిల్లీసెకన్లు, ఆలస్యమైతే ఆటగాళ్లు అసలు గుర్తుపట్టలేదట. అరసెకను దాకా కూడా సర్దుకున్నారట. కానీ ఒకసారి 80, ఒకసారి 500 అయితే మాత్రం తట్టుకోలేకపోయారు. నిలకడగా నెమ్మదిగా ఉన్నా పర్లేదు, నిలకడ లేకపోతేనే చిరాకు. మన తీరం నుంచి సముద్రం అడుగున సింగపూర్ దాకా ఒక కేబుల్ ఉంది, 3,200 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. లెక్క వేసుకోండి, వెళ్లి రావడానికి 32 మిల్లీసెకన్లు. సముద్రం దాటినా అంతే. అసలు అల్లరంతా మీ గదికీ రూటర్‌కీ మధ్య ఉన్న పది అడుగుల్లో జరుగుతుంది. నేను ఇదివరకు ఉన్న ఫ్లాట్‌లో పక్కింట్లో మైక్రోవేవ్ పెడితే నా వైఫై ఊగేది. 300 రూపాయలు పెట్టి పొడుగాటి లాన్ కేబుల్ కొని గోడ వెంట లాగాను. అంతటితో సరి. హాస్టల్ పిల్లలకి కేబుల్ కుదరదు, నిజమే. అందరూ సినిమాలు చూసే రాత్రి పదింటికి కాకుండా పొద్దున్నే ఆడండి.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. ఓటమి.

మీరు ర్యాంక్డ్‌లో అడుగుపెట్టగానే మీకు 1000 పాయింట్లు ఇస్తారు. ఇది చదరంగంలో వాడే ఈలో రేటింగ్ పద్ధతే. ఆర్పాడ్ ఈలో అని హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫిజిక్స్ ప్రొఫెసర్, ఆయన తయారుచేశారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో దాన్ని తీసుకుంది. 2024 డిసెంబరులో మన చెన్నై కుర్రాడు గుకేశ్ 18 ఏళ్లకే సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు పేపర్లలో రేటింగులు చూశారు కదా, అవే.

అందులో లెక్క ఇది. మీకంటే 200 పాయింట్లు ఎక్కువ ఉన్నవాడితో మీరు వంద ఆటలు ఆడితే, వాడు సుమారు 76 గెలుస్తాడు. 400 ఎక్కువైతే 91. మీకు ఇచ్చిన ఆ 1000 ఉంది చూశారా, అది మీ బలం కాదు. మీరెవరో ఇంకా తెలియక మధ్యలో కూర్చోబెట్టారు. ఆన్‌లైన్‌కి కొత్తగా వచ్చినవాళ్ల నిజమైన బలం చాలావరకు దానికి దిగువనే ఉంటుంది. నాది 700 దగ్గర తేలింది. అంటే 1000 నుంచి 700కి దిగేదాకా నేను ఓడక తప్పదు. సమానమైనవాళ్ల చేతిలో ఓడితే ఒక మ్యాచ్‌కి పదిహేను, పదహారు పాయింట్లు పోతాయి. లెక్కేస్తే ఇరవై ఓటములు దాకా. మధ్యలో ఒకటీ అరా గెలుపు. ఈ లెక్క ఎవరూ ముందే చెప్పరు. చాలామంది మూడో ఓటమికే ‘నాకు రాదు’ అని వెళ్లిపోతారు. దర్జీ కొలత తీసుకుంటున్నంతసేపూ కదలకుండా నిలబడతాం కదా. ఈ ఓటములు ఆ కొలతలు. టేపు తీసేలోపే దుకాణం దిగి వచ్చేస్తే చొక్కా ఎలా కుడతాడు?

నన్ను 700కి దించాక మొదలైంది అసలైన ఆట. రెండు ఆడితే ఒకటి గెలుపు. పందిని పోగొట్టుకునేవాళ్లు, ఇల్లు మర్చిపోయేవాళ్లు, నాలాంటివాళ్లే అవతలా ఉన్నారు. అంత ఆనందం నాకు కంప్యూటర్ మీద నెగ్గిన పదిహేడేళ్లలో లేదు.

కొత్తవాళ్లు ర్యాంక్డ్ వద్దని మామూలు లాబీల్లో చేరతారు, ‘కొత్తవాళ్లకి మాత్రమే’ అని బోర్డు పెట్టిన గదుల్లోకి. నా సలహా దానికి ఎదురు. ఆ బోర్డుని ఎవరూ తనిఖీ చేయరు. పాత కాపులు వచ్చి కూర్చుంటారు. ర్యాంక్డ్‌లో మీకు జోడీ వెతికేది లెక్క.

దిగేముందు తయారీ ఎంత కావాలి? ఒక వారం చాలు. ఆటలోనే ఆర్ట్ ఆఫ్ వార్ అని పాఠాలు ఉన్నాయి, పతకాలు ఇస్తాయి. మొదటి పాఠంలో వెండి పతకం వచ్చేదాకా చేయండి. ఆ తర్వాత కంప్యూటర్‌తో ఆడితే గోడలు లేకుండా ఆడండి. డెఫినిటివ్ ఎడిషన్‌లో కంప్యూటర్ దొంగాట ఆడదు, దానికి మనకంటే ఎక్కువ సరుకేమీ ఇవ్వరు. కాబట్టి దాని చేతిలో ఓడితే అది నిజమైన ఓటమే, నేర్చుకోవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత చేయాలో చెప్పే వరసని బిల్డ్ ఆర్డర్ అంటారు, అది ఒక్కటంటే ఒక్కటి పట్టుకోండి. యూట్యూబ్‌లో యాభై కనబడతాయి, కళ్లు మూసుకోండి.

ఆటలో మన పక్షంగా ఏ నాగరికత తీసుకోవాలి? ఇక్కడ మనకి ఒక ఆకర్షణ ఉంది. 2022లో ఈ ఆటకి అదనంగా వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియాలో ద్రవిడియన్స్ ఉన్నారు, రాజేంద్ర చోళుడి కథ ఉంది. రాజేంద్రుడంటే మనకి పరాయివాడు కాదు. ఆయన కూతురు అమ్మంగదేవి రాజమహేంద్రవరం కోడలు, నన్నయ గారిచేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడి భార్య. ఆ నాగరికతలో వూట్జ్ స్టీల్ అని ఒక విద్య ఉంటుంది, అది చేయిస్తే మన కాల్బలం కత్తికి ఎదుటివాడి కవచం అడ్డురాదు. వూట్జ్ అన్న మాట మన ఉక్కు నుంచే వచ్చింది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఆ ఉక్కు కాచేవాళ్లు. తెరమీద ఆ పేరు చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. కానీ తొలి మ్యాచ్‌కి వాళ్లని తీసుకోకండి. వాళ్లకి నైట్స్ అనే బలమైన గుర్రపు సైనికులు లేరు, మైదానం లాంటి అరేబియా మ్యాప్ మీద కొత్తవాళ్లు ఆడిస్తే నలిగిపోతారు. మొదట ఫ్రాంక్స్‌తో ఆడండి, గుర్రాలకి ప్రాణం ఎక్కువ, తప్పులు కాస్తాయి. చైనీస్ జోలికి అసలు పోవద్దు, ఆరుగురు విలేజర్లని చూసి మోజుపడతారు గానీ మొదట్లో తిండి ఉండదు, వేళ్లు కాలిపోతాయి. ద్రవిడియన్స్ దగ్గరికి ఒక ఏడాది తర్వాత రండి, వాళ్లెక్కడికీ పోరు.

మర్యాద గురించి రెండు మాటలు. మొదట ‘జీఎల్ హెచ్ఎఫ్’, అంటే ‘గుడ్ లక్, హ్యావ్ ఫన్’, చివర ‘జీజీ’. చాట్‌లో అంకె కొట్టి పంపితే కేకలు వినబడతాయి. 11 అంటే నవ్వు, 14 అంటే ఆట మొదలెట్టమని. జట్టుగా ఆడేటప్పుడు 3 పంపితే ఆహారం కావాలని, 4 కట్టెలు. భాష రాని కొరియా మనిషితో కూడా ఇలాగే మాట్లాడుకోవచ్చు. ఎవరైనా బూతులకి దిగితే మ్యూట్ చేసేయండి, జవాబివ్వొద్దు. ఆడపిల్లలకి చెప్తున్నాను, మీ పేరుతోనే ఐడీ పెట్టుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ ఊరు, ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వకండి. తల్లిదండ్రులకి ఒక మనవి, ఒక మ్యాచ్ అరగంట, ముప్పావు గంట పడుతుంది. మధ్యలో లేస్తే అవతల ఒక మనిషిని వదిలేసి వచ్చినట్టు. అన్నానికి పిలిచేముందు ‘ఇంకెంతసేపు’ అని అడగండి. పిల్లలూ, అన్నం వేళకి అరగంట ముందు కొత్త మ్యాచ్ మొదలెట్టకండి.

ఏమ్మా, ఏదో అడగాలని చూస్తున్నావు?

(ఒక విద్యార్థిని: ఓడిపోతున్నామని తెలిశాక ఎప్పుడు వదిలేయాలి అక్కా?)

మంచి ప్రశ్న. మొదటి ముప్పై మ్యాచ్‌ల దాకా వదలొద్దు. టౌన్ సెంటర్ కూలితే అప్పుడు ఆలోచిద్దువు. మనకి మన ఊరు తగలబడటమే కనిపిస్తుంది. వాళ్ల ఊళ్లో ఏం జరుగుతోందో తెలియదు. ఒకసారి నాకు పదకొండుగురు పోయారు, ఓటమి ఒప్పుకునే రిజైన్ బటన్ మీద వేలు పెట్టాను. అంతలో అవతలి మనిషే రిజైన్ చేశాడు. నమ్మలేక రికార్డింగ్ చూశాను. వాడు నన్ను కొట్టడానికి గుర్రాల మీద గుర్రాలు చేసుకుంటూ పొలాలు వేయడం మర్చిపోయాడు. ఊళ్లో తిండి లేదు, టౌన్ సెంటర్ నాలుగు నిమిషాలుగా ఖాళీ. నేను ఆ మంటల్లో కూడా హెచ్, క్యూ నొక్కుతూనే ఉన్నాను.

వెనక బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు ఆన్ చేసి ఉన్నాయి, మౌస్‌లు కూడా పెట్టాను. ఇందాక చేయి దించేసినవాళ్లలో ముందు ఎవరు వస్తారు?